తెలియని టోకెన్లు, కనిపించని అనుమతులు: మీ వాలెట్ యాప్‌పై ఫిర్యాదు

తిరుపతి

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: అడగకుండా వచ్చిపడే క్రిప్టో టోకెన్లను ఆస్తిగా చూపడం, అప్రూవల్ (మన సొమ్ము తీసుకునేందుకు ఇంకొకరికి ఇచ్చే అనుమతి) ఎవరికి పోతోందో తెర మీద కనపడనివ్వకపోవడం గురించి.

ఆర్యా,

తిరుపతిలో మీ యాప్‌ను తెలుగులో వాడుకుంటున్నవాళ్ల తరఫున, కాంట్రాక్టు (టోకెన్‌ను నడిపే ప్రోగ్రామ్) కోడ్ చదవడం తెలిసిన మేం కొందరం ఇది రాస్తున్నాం. బయటివాడు పంపినదాన్ని మా సొమ్ముగా పెద్ద అక్షరాల్లో చూపిస్తున్నారు. మా సొమ్ము బయటికి పోయే దారిని మాత్రం 'వివరాలు' అనే చిన్న బాణం గుర్తు వెనక పెట్టారు.

ఇథీరియం తరహా చైన్లలో (లావాదేవీలు నమోదయ్యే ఉమ్మడి ఖాతా పుస్తకాల్లో) ఎవరి అడ్రస్‌కైనా, అంటే ఖాతా నంబరు లాంటిదానికి, ఎవరైనా టోకెన్ పంపొచ్చు. పేరు, గుర్తు పుట్టించినవాడి ఇష్టం. తిరుపతి లడ్డూ పేరుకైనా 2009 నుంచి జీఐ (భౌగోళిక గుర్తింపు) రక్షణ ఉంది గానీ, కొత్త టోకెన్‌కు డాలర్ విలువకు కట్టిన ప్రసిద్ధ టోకెన్ 'యూఎస్‌డీటీ' పేరు పెడితే చైన్ మీద ఆపేవాడు లేడు. ధరనూ తయారు చేయొచ్చు. వంద కోట్ల టోకెన్లు పుట్టించి, వెయ్యింటికి వెయ్యి డాలర్లు జతచేసి పూల్ (టోకెన్లు మార్చుకునే ఉమ్మడి నిధి) పెడితే ఒక్కోటి డాలర్ అని లెక్క తేలుతుంది. వాటిలో ఐదు వేలు ఎవరి అడ్రస్‌కో తోస్తే మీ మొదటి తెర మీద నిల్వ ఐదు వేల డాలర్లు పెరుగుతుంది. పూల్‌లో ఉన్నదే వెయ్యి! ఆ కాస్తయినా అమ్ముకుందామంటే చాలాసార్లు కోడ్‌లోనే అడ్డు ఉంటుంది: యజమాని అడ్రస్‌కు తప్ప ఎవరికీ అమ్మకం సాగదు. లావాదేవీ విఫలమవుతుంది, గ్యాస్ (లావాదేవీ రుసుము) మాత్రం పోతుంది. ఇక మనిషి ఆ టోకెన్ పేరులోనే రాసి ఉన్న వెబ్‌సైట్‌కు వెళ్తాడు. ఎర వేసిందే అందుకు.

నిజానికి టోకెన్ వచ్చిపడినంత మాత్రాన నష్టమేమీ లేదు, ముట్టుకోకుండా వదిలేస్తే చాలు. ఈ ఒక్క మాట మీ సహాయం పేజీలో లేదు.

అసలు దెబ్బ ఆ వెబ్‌సైట్‌లో తగులుతుంది. అక్కడ అడిగేది కొత్త టోకెన్ మీద అప్రూవల్ కాదు, అసలైన యూఎస్‌డీటీ మీద. ఆ లావాదేవీ వెళ్లేది యూఎస్‌డీటీ కాంట్రాక్టుకే కాబట్టి మీ యాప్ ఆ పేరు పక్కన పచ్చ టిక్కు పెడుతోంది. సొమ్ము తీసుకునే హక్కు పొందేవాడి అడ్రస్ డేటా లోపల ఉంటుంది: అప్రూవ్ ఆదేశానికి గుర్తయిన 0ఎక్స్095ఈఏ7బీ3 తర్వాత 64 అక్షరాల్లో, ముందు సున్నాలు చేర్చిన వాడి అడ్రస్, ఆపై 64 అక్షరాల్లో మొత్తం. ఆ చివరి 64 అక్షరాలూ ఎఫ్‌లే అయితే పరిమితి లేదని అర్థం. ఇది అంకె రాయని చెక్కు మీద సంతకమే. దాన్ని పచ్చ టిక్కుతో చూపడం మీ డిజైన్‌లో పెద్ద తప్పు.

మోసపోయినవాళ్లకు మీ సేవా విభాగం ఇస్తున్న సలహా ఇంకా దారుణం: 'సైట్‌ను డిస్కనెక్ట్ చేసి, యాప్ తీసేసి మళ్లీ పెట్టుకోండి' అని. అనుమతి నమోదై ఉండేది ఫోన్‌లో కాదు, టోకెన్ కాంట్రాక్టులో. యాప్ ఎన్నిసార్లు తీసేసినా అది చెక్కుచెదరదు. అదే అడ్రస్‌కు సున్నా మొత్తంతో మళ్లీ అప్రూవ్ పంపాలి, దానికి గ్యాస్ అవుతుంది. ఇథీరియం మీది యూఎస్‌డీటీకి మరో మెలిక ఉంది: పాత పరిమితిని నేరుగా ఇంకో అంకెకు మార్చనివ్వదు, ముందు సున్నా చేయాలి. మీ 'పరిమితి తగ్గించు' బటన్ ఈ మెట్టు దాటేస్తోంది, అందుకే విఫలమవుతోంది.

పర్మిట్ సంతకాల సంగతి వేరు. యూఎస్‌డీసీ లాంటి డాలర్ టోకెన్లకు ఈఐపీ-2612 అనే ఇథీరియం ప్రమాణం ప్రకారం గ్యాస్ లేకుండా సంతకంతోనే అనుమతి ఇవ్వొచ్చు. దొంగ దాన్ని గడువులోగా ఎప్పుడైనా చైన్ మీద పెట్టుకుంటాడు, అప్పటిదాకా మీ అనుమతుల పేజీలో జాడ ఉండదు. సైట్లలో లాగిన్ కోసం చేసే మామూలు సంతకానికీ దీనికీ మీరు ఒకే తెర వాడుతున్నారు.

లావాదేవీల చరిత్రలో అడ్రస్‌కు మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలే చూపడమూ మానండి. ఆ ఎనిమిది కలిసే అడ్రస్ తయారీకి సగటున 429 కోట్ల ప్రయత్నాలు చాలు, గ్రాఫిక్స్ కార్డుకు అదో లెక్క కాదు. అలాంటి అడ్రస్‌తో సున్నా మొత్తం లావాదేవీని మా చరిత్రలోకి ఎక్కించి, మేం కాపీ చేసుకునేదాకా కాచుకుంటారు. 2024 మేలో ఇలాగే ఒకరి నుంచి 1,155 రాప్డ్ బిట్‌కాయిన్లు (ఇథీరియం మీద బిట్‌కాయిన్‌కు ప్రతిరూపమైన టోకెన్లు) పోయాయి. చాలావరకు తిరిగొచ్చాయనుకోండి, అందరికీ ఆ అదృష్టం ఉండదు.

అందువల్ల తెలియని టోకెన్లను విడి పేజీలోకి నెట్టి మొత్తంలో కలపకండి. అప్రూవ్, పర్మిట్ తెరల మీద ఎవరికి, ఎంత, ఎప్పటిదాకా అన్నవి ముందు వరుసలో, తెలుగులో రావాలి. ఇప్పుడు భాష తెలుగుకు మార్చినా హెచ్చరిక ఒక్కటే ఇంగ్లీషులో వస్తోంది. అపరిమిత అప్రూవల్ ముందే టిక్కు చేసి ఉండకూడదు, ఆ లావాదేవీకి కావలసినంతే ఉండాలి. అడ్రస్‌లో 40 అక్షరాలూ కనిపించాలి.

ఇంకొకటి, ఇది వెంటనే కావాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినా, పోలీసుల దగ్గరికి వెళ్లినా సైట్ పేరు, సంతకం చేసిన సమయం, అనుమతి పొందిన అడ్రస్, లావాదేవీ హ్యాష్ (దాని గుర్తింపు సంఖ్య) చేతిలో ఉంటేనే పని కదులుతుంది. మీ యాప్ సంతకాల వివరాలు నిల్వ చేయడం లేదు. వాటిని ఫోన్‌లోనే భద్రపరిచి, ఫైల్‌గా తీసుకునే వీలు కల్పించండి. ఏ వెర్షన్‌లో ఏది సరిచేస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
వాలెట్ వినియోగదారుల తరఫున,
తిరుపతి