ఆదివారం ఉదయం: కీళ్లనొప్పుల గురించి డాక్టరు గారితో

అందరికీ నమస్కారం.

మన వాకింగ్ గ్రూపులో బీపీ, షుగరు ఉన్నవాళ్లే ఎక్కువ కదా. ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు, నడక అయ్యాక, పార్కులో సిమెంటు బల్లల దగ్గరికి డాక్టరు గారు వస్తున్నారు. విషయం: ఉన్నట్టుండి వచ్చే కీళ్లనొప్పి.

పోయిన నెల మావారికి రాత్రి 2 గంటలకు కాలి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. తెల్లారేసరికి ఎర్రగా వాచింది, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయారు. బెణికిందనుకుని నేనే షాపు నుంచి నొప్పి బిళ్లలు తెచ్చి మూడు రోజులు వేశాను. బీపీ 170 దాటింది. తీరా చూస్తే గౌట్ (ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువై, కీళ్లలో పేరుకుని వచ్చే నొప్పి, వాపు). మీరెవరూ అలా చేయకండి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. వాపు తగ్గడానికి ఇచ్చే స్టీరాయిడ్లతో షుగరు పెరుగుతుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బీపీ మాత్రలతో యూరిక్ యాసిడ్ పెరగొచ్చు. అలాగని సొంతంగా మానేయొద్దు, అవసరమైతే డాక్టరే మారుస్తారు.

వచ్చేటప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ తెచ్చుకోండి. చీటీ ఒక్కటే తెస్తే పేర్లు చదవడం కష్టం. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష), యూరిక్ యాసిడ్ రిపోర్టులుంటే అవి కూడా. నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనబడొచ్చు, అది చూసి గౌట్ కాదనుకోవద్దు.

ముఖ్యంగా: జ్వరంతో పాటు కీలు వేడిగా వాచి కదపలేకపోతే ఆదివారం దాకా ఆగకండి. లోపల చీము పట్టి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి, కుర్చీలు చెప్పాలి.