సొట్ట తీయనన్న మాస్టారికి, మరికొందరికి కృతజ్ఞతలు

గత ఆదివారం సాయంత్రం మా వరండాలో నా రెజొనేటర్ గిటారు గరగర లేకుండా మోగింది. దాన్ని పాత సామానుగా కొని ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో దాని మీద చెయ్యి వేసినవారిలో ఒక్కరు తప్ప ఎవరూ అంతకుముందు ఇలాంటి గిటారును చూడలేదు. వారందరికీ ఎదురుగా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అయినా మనసు నిండలేదు. వారు చేసిన పని ఏమిటో నలుగురికీ తెలియాలనిపించి రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

ఈ వాద్యం చూడనివారి కోసం రెండు మాటలు. నా గిటారు ఒళ్లు చెక్కదే. కానీ మధ్యలో రంధ్రం ఉండవలసిన చోట చిల్లులున్న ఇనుప పళ్లెం ఉంటుంది. దాని కింద పలుచటి అల్యూమినియం కోన్, బోర్లించిన మూకుడులా కూర్చుని ఉంటుంది. కోన్ కొన మీద గుండ్రటి చెక్క బిళ్ల, దాన్ని బిస్కెట్ అంటారు. బిళ్లలోని గాడిలో నిలబెట్టిన సన్నటి చెక్క పలక మీదుగా తీగలు పోతాయి. తీగ కంపిస్తే బిళ్ల, బిళ్లతోపాటు కోన్ కంపించి శబ్దాన్ని బయటికి నెడుతుంది. కోన్ అంచు గిటారు లోపలి చెక్క మెట్టు మీద ఊరికే ఆని ఉంటుంది. జిగురు లేదు, మేకు లేదు. తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి తక్కువైతే కోన్ గలగలమంటుంది, ఎక్కువైతే కుంగిపోతుంది.

మా నాన్నగారు రేడియోలో హవాయిన్ గిటారు (తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించేది) మీద సినిమా పాట వస్తే వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆపమనేవారు. ఆ జారుడు స్వరం నా చెవిలో అలా నిలిచిపోయింది. అందుకే ఊరు వదిలి వెళ్తున్న ఒక కుటుంబం తమ సామాన్లతోపాటు ఈ గిటారును 9,000 రూపాయలకు ఇస్తామంటే, మోగించి కూడా చూడకుండా తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి మీటితే ప్రతి స్వరం వెనుక డబ్బాలో గులకరాళ్లు దొర్లినట్లు చప్పుడు. తీగలు వదులు చేసి, తుప్పు పట్టిన స్క్రూలను ఒక్కొక్కటిగా బతిమాలి పళ్లెం ఎత్తి చూశాను. కోన్ కొన దగ్గర బొటనవేలు పట్టేంత సొట్ట. అంచు కింద ఎవరో అట్టముక్కలు అంటించారు. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉండేవారికి ఉప్పుగాలి సంగతి చెప్పనక్కరలేదు. పళ్లెం అడుగున తుప్పు పొరలు పొరలుగా లేచింది.

సొట్ట తీయించడానికి ముందు వెళ్లిన చోట మూడు వందలిస్తే సాయంత్రానికి కొట్టి ఇస్తామన్నారు. ఒప్పుకునేదాన్నే. పక్కింటి అబ్బాయి మాత్రం కంచరపాలెంలో ఒక పెద్దాయన ఉన్నారని, ముక్కను గిరగిర తిప్పుతూ చెక్కే లేత్ మెషీన్ మీద ఆయన చెయ్యి వేరని చెప్పి, స్కూటరు మీద తీసుకువెళ్లాడు. ఓడల మరమ్మతు పనుల్లో ముప్పై ఏళ్లు టర్నరుగా చేసి, ఇప్పుడు ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్నచిన్న పనులు చేస్తారు. అందరూ మాస్టారనే పిలుస్తారు.

మాస్టారు కోన్‌ను రెండు చేతుల వేళ్ల చివర్లతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చాలాసేపు తిప్పి చూశారు. తర్వాత, "నేను దీన్ని ముట్టుకోనమ్మా, ఇంకెవరినీ ముట్టుకోనివ్వకు" అన్నారు. రేకు ఒకసారి మడత పడితే ఆ మడత దగ్గర గట్టిపడుతుందని, వెనక్కి నెడితే అక్కడే పగుళ్లు వస్తాయని, పైకి నున్నగా కనిపించినా మునుపటిలా కంపించదని వివరించారు. డబ్బు తీసుకుని ఏదో ఒకటి చేసి ఇవ్వడం ఆయనకు క్షణాల పని. ఆ పని చేయనన్నారు కనుకనే ఈ రోజు నా గిటారు మోగుతోంది. ఈ ఉత్తరంలో మొదటి నమస్కారం ఆయనకు, ఆ 'చేయను' అన్న మాటకు. "కొత్తది ఎక్కడ దొరుకుతుందో ముందు కనుక్కో. అది వచ్చాక రా, మిగతా పని నేను చూస్తాను" అని పంపారు.

ఎక్కడ దొరుకుతుందో చెప్పినవారు ఉక్కునగరంలో ఉండే ఒక బెంగాలీ పెద్దాయన. వీరే నేను పైన చెప్పిన ఆ ఒక్కరు. కలకత్తాలో చిన్నప్పుడు హవాయిన్ గిటారు నేర్చుకుని, ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన తెలుగు నా తెలుగుకన్నా తీరుగా ఉంటుంది. హవాయి నుంచి వచ్చిన గిటారు కళాకారుడు టౌ మో 1940లలో కలకత్తాలో ఉన్న సంగతి, ఆ నగరంలో ఈ వాద్యం ఇంటింటికీ చేరిన తీరు, గిటారిస్టు సునీల్ గంగూలీ రికార్డుల కోసం తాము పడిన పాట్లు ఆయన చెబుతుంటే రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. గోటువాద్యం (మెట్లు లేకుండా, తీగల మీద కర్ర జార్చి వాయించే వీణలాంటి వాద్యం) విన్నవారికి ఈ జారుడు కొత్తది కాదని, మన చెవి దీనికి ముందే సిద్ధమై ఉందని ఆయన అన్న మాట నాకు చాలా నచ్చింది.

ఆయన చెప్పిన చరిత్ర వల్లే నేను సరైన కోన్ కొనగలిగాను. మైకులూ కరెంటు గిటార్లూ అంతగా లేని రోజుల్లో బ్యాండు మేళంలో గిటారు వినిపించేది కాదు. అమెరికాలో స్థిరపడిన స్లోవాక్ జాతీయుడు జాన్ డోపియేరా దానికి విరుగుడుగా అల్యూమినియం కోన్లు అమర్చాడు. 1927లో నేషనల్ కంపెనీ గిటారు మూడు చిన్న కోన్లతో వచ్చింది. ఆ తర్వాత డోపియేరా సోదరులు విడిగా డోబ్రో పేరుతో ఇంకో రకం చేశారు. ఇంటి పేరులోని మొదటి అక్షరాలకు సోదరులు అనే ఇంగ్లీషు మాటను కలిపిన పేరది. స్లోవాక్ భాషలో ఆ మాటకు 'మంచిది' అని అర్థం కూడా ఉంది. డోబ్రోలో కోన్ గిన్నెలా వెల్లకిలా ఉంటుంది, దాని మీద సాలీడు కాళ్లలాంటి ఎనిమిది కాళ్ల లోహపు చట్రం ఉంటుంది. ఆ కోన్ వ్యాసం పదిన్నర అంగుళాలు. నాది బిస్కెట్ రకం, తొమ్మిదిన్నర అంగుళాలు. ఒక్క అంగుళం తేడా. నేను కొనబోయింది పదిన్నర అంగుళాలది! ఆయన తన టేపు తెచ్చి అంచు నుంచి అంచుకు కొలిచి, నా చేత కూడా కొలిపించి, 24 సెంటీమీటర్ల పైన ఒక్క గీత అని కాగితం మీద రాయించారు. ఆ కాగితం గిటారు పెట్టెలోనే దాచుకున్నాను.

ఇంకొక మేలు కూడా చేశారు. నేను గిటారును ఒడిలో పడుకోబెట్టి, ఎడమ చేతిలో ఉక్కు కడ్డీతో వాయించాలనుకున్నాను. అందుకు తీగలు గిటారు మెడ మీది మెట్ల (ఫ్రెట్ల) నుంచి బాగా ఎత్తుగా లేవాలి. ఆ మెడ మొదట్లో తీగలను ఎత్తి పట్టే, గాడులున్న ఇనుప ముక్క ఒకటి తన పాత పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టారు. "నాకు వేళ్లు వంగడం లేదు తల్లీ, నీ దగ్గరైనా పని చేయనీ" అన్నారు. ఒడిలో వాయించేవారు ఎక్కువగా మంద్ర తీగలను పైకి లాగి శ్రుతి చేస్తారట. నా గిటారు కోన్ మీద అంత భారం వద్దని, బదులుగా ఒకటి, ఐదు, ఆరు తీగలను కిందికి దించి డి, జి, డి, జి, బి, డి శ్రుతి పెట్టుకోమని చెప్పారు. మామూలు శ్రుతిలోనే ఆరు తీగల లాగుడు కలిపితే 70 కిలోలు దాటుతుంది. పాత కోన్ కుంగడానికి లావు తీగలు, పై శ్రుతి కారణమై ఉంటాయని ఆయన ఊహ.

కోన్‌ను అమెరికాలో కొన్నాం. తెచ్చినవారు మా వీధి చివరి ఇంటి పెద్దకోడలు, సంక్రాంతికి వస్తూ. సూట్‌కేసులో వేస్తే నలిగిపోతుందని గుండ్రటి కేకు డబ్బాలో దూది మధ్య పెట్టి, రెండు విమానాలు మారుతూ ఒడిలో పెట్టుకుని తెచ్చింది. రెండు చోట్ల డబ్బా తెరిపించి ఇది ఏమిటని అడిగారట. నెలల బిడ్డను ఒక చేత్తో, ఈ డబ్బాను ఇంకో చేత్తో మోసుకొచ్చిన ఆ అమ్మాయికి నేను ఏమిచ్చినా తక్కువే. అరిసెల డబ్బా ఇచ్చి పంపాను.

కొత్త కోన్ తీసుకుని మళ్లీ మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు కోన్ జోలికి పోలేదు, అది ఆనే చెక్క మెట్టును చూస్తానన్నారు. ప్లైవుడ్‌తో సరిగ్గా తొమ్మిదిన్నర అంగుళాల చక్రం కోసి, దాని అంచుకు యంత్రాల అమరిక చూసేందుకు వాడే నీలిరంగు పలచగా పూసి, మెట్టు మీద ఆనించి కొద్దిగా తిప్పి తీశారు. ఎత్తుగా ఉన్న చోటే నీలం అంటుకుంది. అట్టముక్కలు అంటించినప్పటి జిగురు మూడు చోట్ల గడ్డలుగా మిగిలి ఉంది. గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ నీలం పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. పదకొండుసార్లు లెక్కపెట్టాను. చివరికి చుట్టూ ఒకే తీరుగా సన్నటి నీలి గీత పడింది. ఓడ షాఫ్టు బేరింగుకు చేసే పరీక్షనే నా గిటారుకు చేశానని చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూడాలి! గలగలకు సగం కారణం సొట్ట కాదు, ఆ జిగురు గడ్డలే.

అప్పుడు బయటపడింది అసలు చిక్కు. పాత బిస్కెట్ బిళ్ల స్క్రూ దగ్గర నిలువునా చీలి ఉంది. కోన్ తెప్పించినప్పుడు బిళ్లను తెప్పించలేదు. మళ్లీ ఎవరో రావాలంటే వేసవి సెలవులే. మాస్టారు లోహం తప్ప చెక్క తిప్పరు. "ఏటికొప్పాక వెళ్లు, గుండ్రటి చెక్క అంటే వారి తర్వాతే ఎవరైనా" అన్నారు.

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకను లక్క బొమ్మల ఊరుగా అందరూ ఎరుగుదురు. బస్సులో ఎలమంచిలి, అక్కడి నుంచి ఆటో. ఒక కళాకారుడు చీలిన బిళ్లను చూసి ఇది ఏ బొమ్మకని అడిగారు. గిటారు లోపలిదంటే పని ఆపేసి కూర్చుని మొత్తం చెప్పించుకున్నారు. బొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తన, లక్క బాగా పడుతుంది కానీ స్క్రూ పట్టు నిలవదని ముందే హెచ్చరించారు. అయినా శబ్దం ఎలా ఉంటుందో చూడమని అంకుడుతో ఒకటి, పాత తలుపు తాలూకు టేకు ముక్కతో రెండు తిప్పి ఇచ్చారు. కోన్ కొనకు సరిపోయేలా అడుగున కొద్దిగా గుంట తీయడానికి నేను తీసుకెళ్లిన అట్ట నమూనాను ఎన్నిసార్లు ఆనించి చూశారో! మూడింటికీ కలిపి వంద రూపాయలు తీసుకున్నారు. ఎక్కువ ఇవ్వబోతే ఒక లక్క బొంగరం కొనుక్కోమన్నారు. నాలుగు కొన్నాను.

ఆయన చెప్పినట్లే అయింది. అంకుడు బిళ్లతో శబ్దం మెత్తగా, గుండ్రంగా, ఎంతో బాగుంది, కానీ మర్నాటికి గాడి నొక్కుకుపోయి తీగలు కిందికి దిగాయి. టేకు బిళ్ల పెడితే గొంతు కాస్త కటువు, కానీ వారం తర్వాత కూడా తీగలు కిందికి దిగలేదు. దాని గాడిలో నిలిచే పలకను మా వీధి వడ్రంగి పాత కుర్చీ కాలి జిట్రేగి ముక్కతో చెక్కి ఇచ్చాడు.

మిగిలిన చిన్న పనులకు కూడా మనుషులున్నారు. వన్‌టౌన్ ఇనుప సామాను దుకాణంలో కుర్రవాడు పళ్లెం చిల్లులకు సరిపోయే ఇత్తడి స్క్రూలు తొమ్మిది, మూడు డబ్బాలు బోర్లించి ఏరి ఇచ్చాడు. ఇత్తడి మెత్తన కనుక ముందు ఉక్కు స్క్రూ ఎక్కించి మర పడ్డాక, అది తీసి ఇత్తడిది బిగించమని నేర్పాడు. స్క్రూలకు ఇక తుప్పు భయం లేదు. డాబాగార్డెన్స్‌లో వాద్యాల దుకాణం నడిపే అన్నగారు విరిగిన ట్యూనింగ్ కీకి బదులు, పనికిరాని గిటారు నుంచి ఒకటి ఊడదీసి ఊరికే ఇచ్చారు. ఖరీదైన లావు తీగలు నేను అడిగినా అమ్మలేదు, సన్నవే ఇచ్చారు.

ఆదివారం నాడు బెంగాలీ మామయ్యగారు, మాస్టారు, వడ్రంగి, స్కూటరు అబ్బాయి అందరూ వచ్చారు. మామయ్యగారు వంగని వేళ్లతోనే ఉక్కు కడ్డీ పట్టుకుని ఒక్క స్వరాన్ని కింది నుంచి పైకి మెల్లగా లాగారు. మా అమ్మ వంటింట్లో చేస్తున్న పని ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

మాస్టారు ఇప్పటికీ పైసా తీసుకోలేదు. సొట్టపడ్డ పాత కోన్ మాత్రం అడిగి తీసుకున్నారు. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు చూపిస్తారట. ఇంకొక టేకు బిళ్ల, ప్లైవుడ్ చక్రం, కొలతల కాగితం నా దగ్గరే ఉన్నాయి. విశాఖ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఇలాంటి గిటారు మూలన పడి ఉంటే, తీగలు వదులు చేసి ఉంచి, నాకు కబురు చేయండి. చక్రం పట్టుకుని వస్తాను.