లడ్డూ లెక్కల మర్మం

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ సిటీ పేజీలో కూడికలు చేసే కుక్క అంటూ ఫొటోతో సహా ఒక వార్త వేశారు. ఆ లాబ్రడార్ మా అపార్ట్‌మెంట్‌దే, మా పై ఫ్లోర్‌లో ఉంటుంది. పేరు లడ్డూ. నేను సర్వీసంతా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. కుక్క మీద నాకేమీ కోపం లేదు, వార్త మీదే ఉంది.

ఎందుకంటే ఆ మర్నాడు నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే ఆరో తరగతి పిల్ల ముఖం వేలాడేసుకుని వచ్చింది. భిన్నాలు తప్పు చేసిందని వాళ్లమ్మ మీ పేపర్ చూపించి "కుక్కకి వచ్చినపాటి లెక్క నీకు రాదే" అందట. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

లడ్డూ యజమాని ఇంటర్ చదివే కుర్రాడు. మోసం చేసే రకం కాదు, బంగారం లాంటి పిల్లాడు. మెట్ల మీద కూర్చుని, గుప్పిట్లో బిస్కెట్ ముక్క పట్టుకుని "లడ్డూ, నాలుగూ మూడూ ఎంతరా?" అంటాడు. అది ఏడుసార్లు భౌ మని ఆగుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. నేను మాత్రం కుక్కను వదిలేసి కుర్రాణ్నే చూశాను. పరీక్ష హాల్లో ఎవరి వైపు చూడాలో టీచర్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు కదా! ప్రశ్న అడగ్గానే వాడు కాస్త ముందుకు వంగి ఊపిరి బిగబడతాడు. ఏడో అరుపు పడగానే భుజాలు దిగుతాయి, కనుబొమలు లేస్తాయి. ఆ సంగతి వాడికే తెలీదు. లడ్డూకి తెలుసు.

తర్వాత ఆ ట్యూషన్ పిల్ల చేతే చీటీల మీద లెక్కలు రాయించి, మడిచి, "నువ్వు చూడకుండా దానికి చూపించు నాన్నా" అని కుర్రాడికి ఇచ్చాను. లడ్డూ మొదలుపెట్టింది. ఎక్కడ ఆపాలో దానికి అంతుబట్టలేదు. వాడి ముఖంలోకి చూస్తూ అరుస్తూనే ఉంది, రెండో అంతస్తు పెద్దాయన తలుపు తీసి "ఏంటమ్మా ఈ గోల?" అనేదాకా. తలుపు వెనక నిలబడి అడగమంటే అసలు అరవనే లేదు. తలుపు సందులో ముక్కు పెట్టి, తోక ఊపుతూ వాడి కోసం నిలబడింది.

ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. వందేళ్ల కిందట బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే ఆయన ఉండేవాడు. నాలాగే రిటైరైన లెక్కల మాస్టారు. హాన్స్ అనే గుర్రానికి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు. అది గిట్ట నేలకేసి కొట్టి కూడికలకూ భిన్నాలకూ జవాబులిచ్చేది. చూడ్డానికి వచ్చిన జనం దగ్గర ఆయన పైసా తీసుకోలేదు. 1904లో 13 మంది కమిటీ వచ్చి చూసింది. అందులో సర్కస్ మేనేజరు, పశువైద్యుడు, జూ డైరెక్టరు, స్కూలు టీచర్లు కూడా ఉన్నారు. దగా ఏమీ లేదని తేల్చి వెళ్లారు. ఆ తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు, అడిగేవాడికే జవాబు తెలియకుండా ప్రశ్నలు అడిగించాడు. హాన్స్ లెక్కలన్నీ తలకిందులయ్యాయి. అడిగేవాడు కనబడకుండా కళ్లకు గంతలు కట్టినా అంతే. సరైన సంఖ్య రాగానే మనిషి తల ఒక మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో పైకి లేస్తుంది. గుర్రం దాన్ని పట్టుకునేది. ఫుంగ్‌స్ట్‌కి గుట్టు తెలిశాక కూడా తన తల కదలకుండా ఆపుకోవడం సాధ్యం కాలేదు! 1907లో ఆయన ఇదంతా పుస్తకంగా తెచ్చాడు. మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు, 1909లో పోయాడు.

ఈ కథను అందరూ గుర్రం బండారం బయటపడినట్టు చెబుతారు. నాకలా అనిపించదు. 13 మంది పెద్దమనుషుల కంటికి ఆనని కదలిక ఒక గుర్రం కంటికి ఆనింది. అంత శ్రద్ధగా మన ముఖం చూసేవాళ్లు ఇంట్లో ఎంతమంది ఉంటారు చెప్పండి?

సంక్రాంతికి మా నల్లకుంట వీధుల్లోకి వచ్చే గంగిరెద్దునే తీసుకోండి. "అమ్మగారికి దండం పెట్టు బసవన్నా" అంటే మోకాలు వంచుతుంది, డోలు దెబ్బ మారితే తల ఊపూ మారుతుంది. ఎద్దుకి తెలుగు వచ్చని ఎవరూ రాయరు. అది ఎద్దూ మనిషీ కలిసి నేర్చిన విద్య అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే ఎద్దుకి పసుపు కుంకుమ పెట్టి, ఆయన జోలెలో బియ్యం పోస్తాం. లడ్డూ గురించి కూడా అలాగే రాయాల్సింది.

పైగా ఇది సరదాతో పోయే విషయం కాదు. 2011లో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు డ్రగ్స్, పేలుడు పదార్థాలు పసిగట్టే 18 జాగిలాలను, వాటిని పట్టుకుని నడిపించే హ్యాండ్లర్లతో ఒక చర్చిలో తిప్పారు. అక్కడ వాసన పట్టాల్సిందేమీ పెట్టలేదు. కానీ ఎర్ర కాగితం కనిపించిన చోట సరుకు ఉండొచ్చని హ్యాండ్లర్లకు చెప్పారు. కుక్క పసిగట్టిందని హ్యాండ్లర్లు చెప్పిన సందర్భాలు 225, ఎక్కువగా ఆ కాగితం ఉన్న చోటే! మన మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇచ్చే అకాడమీ ఉంది. హ్యాండ్లర్ మనసులో మాట కుక్కకు అందకుండా ఎలా నేర్పుతారో మీ విలేకరి వెళ్లి అడిగితే చదవడానికి నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు.

అలాగని ప్రతి జంతువూ మన ముఖమే చదువుతోందని నేననను. అమెరికాలో చేసర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క 1,022 బొమ్మల పేర్లు నేర్చింది. దాన్ని పెంచిన ప్రొఫెసర్ జాన్ పిల్లీ పరీక్ష పెట్టేటప్పుడు బొమ్మలను తనకు కనబడని చోట ఉంచి తెమ్మనేవాడు. తన చూపు ఎటు పోతుందో కుక్క కనిపెట్టే వీలు లేదన్నమాట. అందుకే ఆ వార్త నమ్ముతాను. మీ విలేకరి కూడా ఇకమీదట ఇలాంటివి రాసేముందు, జవాబు తెలియనివాళ్ల చేత ఒక్కసారి ప్రశ్న అడిగిస్తే చాలు. ఐదు నిమిషాల పని.

ట్యూషన్ పిల్ల భిన్నాల సంగతి మేం చూసుకుంటాం. మీరు చేయాల్సింది ఇంకొకటి ఉంది. వార్త వచ్చినప్పటి నుంచీ ఎవరెవరో వచ్చి మా వాచ్‌మన్‌ను లెక్కల కుక్క ఏ ఫ్లాట్ అని అడుగుతున్నారు. ఆ కుర్రాడికి పరీక్షల టెన్షన్, లడ్డూకేమో తిన్న బిస్కెట్లు అరక్క వాంతులు. నిన్న ఒకావిడ ముద్దుగా చాక్లెట్ పెట్టబోతే ఆపాను. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్ అనే పదార్థం కుక్కలకు విషమని, మీరు ఆ ఫొటో వేసినంత పెద్దగా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
నల్లకుంట, హైదరాబాద్