విద్యా సహాయ విభాగం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లలకు ఫీజుల సాయం ఎప్పటిలాగే సాగింది. ఆ లెక్కలు కోశాధికారిగారి నివేదికలో ఉన్నాయి. ఈ ఏడాది కొత్తగా వచ్చింది పీస్ స్టడీస్ వ్యవహారం. పొలిటికల్ సైన్స్, లా, సోషల్ వర్క్ చదివిన కొందరు పిల్లలు "శాంతి, సంఘర్షణ పరిష్కారం మీద ఎంఏ చేస్తాం, డబ్బెక్కడ దొరుకుతుంది?" అని వచ్చారు. వాళ్ల వెనకాలే అమ్మానాన్నలు వచ్చి "దానికి ఉద్యోగమెక్కడ దొరుకుతుంది?" అన్నారు. ముందు రెండో ప్రశ్నే తేల్చాల్సి వచ్చింది. ఎందుకంటే ఈ చదువుకు పేరున్న స్కాలర్‌షిప్పులు చాలావరకు పని అనుభవం ఉన్నవాళ్లకే.

రోటరీ పీస్ ఫెలోషిప్‌నే తీసుకోండి. మాస్టర్స్‌కు ఏటా 50 మంది వరకు తీసుకుంటారు. ఫీజు, వసతి, భోజనం, రానూపోనూ ప్రయాణం, ఇంటర్న్‌షిప్ ఖర్చు అన్నీ వాళ్లవే. స్వీడన్‌లోని ఉప్సాలా, ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ లాంటి చోట్ల చదువు. అయితే మూడేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి. రోటరీ సభ్యుల పిల్లలు, మనవలు అర్హులు కారు. మన సంఘంలో రోటేరియన్లకు కొదవలేదు కనుక ఈ మాట కొన్ని ఇళ్లలో దుమారమే లేపింది. నిబంధన న్యాయమైనదేనని కమిటీ అభిప్రాయం.

బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చీవ్నింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల అనుభవం చాలు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ప్రధానంగా ఎస్సీ విద్యార్థులకు. కానీ భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధనకు అది వర్తించదని 2022లో నిబంధన చేర్చారు. కారంచేడు, చుండూరు బాధితుల పునరావాసం మీద పరిశోధన చేస్తానన్న అమ్మాయికి ఆ తలుపు అలా మూసుకుపోయింది. మన గొడవల్ని చదవడానికి మన డబ్బే పనికిరాకపోవడం ఏం తీరో! ఆమెను చీవ్నింగ్ వైపు మళ్లించాం. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు వస్తుంది.

డిగ్రీ కాగానే చేరాలనుకునేవారికి ఢిల్లీలోని జామియా మిలియాను సూచించాం. అక్కడ 2004లో మొదలైన నెల్సన్ మండేలా కేంద్రంలో ఇదే విషయం మీద ఎంఏ ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి ఫీజు భారం తక్కువ.

ఆదివారాలు ఎస్ఓపీలు, అంటే ఈ చదువు ఎందుకో దరఖాస్తుతో పాటు రాసిచ్చే వ్యాసాలు, దిద్దడానికి కూర్చున్నాం. మొదటి వాక్యంలో గాంధీ, రెండో వాక్యంలో ప్రపంచశాంతి. అవి కొట్టేసి, ఏ తగాదా దగ్గర కూర్చున్నారో రాయమన్నాం. లోక్ అదాలత్‌లో పారాలీగల్ వలంటీరుగా (న్యాయసహాయం కోసం వచ్చేవాళ్లకు తోడ్పడే కార్యకర్తగా) చేసిన ఒకబ్బాయి రెండు ఊళ్ల మధ్య చెరువు తూము గొడవ రాసుకొచ్చాడు: ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు లేచి వెళ్లిపోయారు, మళ్లీ ఎవరు పిలుచుకొచ్చారు. అదే పంపమన్నాం.

వచ్చే ఏడాదికి ఒక ప్రతిపాదన. ఈ కోర్సుల ఫీజు కట్టే స్తోమత మన నిధికి లేదు. బదులుగా ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష, మార్కుల ట్రాన్స్‌క్రిప్టుల ఖర్చు, పారాలీగల్ పనికి తిరిగేవారి బస్సు చార్జీలు ఇద్దామని కమిటీ అనుకుంటోంది. రోటరీ దరఖాస్తులు సాధారణంగా ఫిబ్రవరిలో మొదలవుతాయి కాబట్టి జనవరిలోపే తేల్చాలి. అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశానికి ముందే రాతపూర్వకంగా కార్యదర్శిగారికి అందజేయగలరు.