నీ గడియారం వాపసు పంపుతున్నాను

ప్రియమైన డిటెక్టివ్ మహాశయా,

రెండు నెలలుగా నీ ఉత్తరానికి జవాబు రాయనందుకు క్షమించు. ఇల్లు మారాము, నాన్నగారి కంటి ఆపరేషన్ బాగానే జరిగింది, ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. ఇప్పుడు కలం పట్టడానికి కారణం వేరు. హాస్టలు గదిలో మనం అరగంటకే ఆపేసి, నోటికి వచ్చినట్లు తిట్టిపోసిన 'ట్విన్ పీక్స్: ఫైర్ వాక్ విత్ మీ' సినిమాను, అదే మన 'ట్విన్ పీక్స్' టీవీ ధారావాహికకు పూర్వకథను, మొన్న రాత్రి చివరిదాకా చూశాను.

మన ఫిర్యాదులన్నీ నాకు గుర్తున్నాయి. 1990 ఏప్రిల్‌లో మొదలైన ధారావాహిక 30 భాగాలు నడిచి, హత్యను పరిశోధించే ఎఫ్‌బీఐ ఏజెంటు కూపర్‌ను ఆ ఎర్ర తెరల మాయాగదిలో చిక్కుకున్నవాడిగా వదిలేసి, 1991 జూన్‌లో ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో చెబుతాడనుకుంటే, దర్శకుడు డేవిడ్ లించ్ 1992లో కథను వెనక్కి తిప్పి, హత్యకు గురైన ఆ అమ్మాయి లారా పామర్ చివరి 7 రోజులను చూపించాడు. పైగా మొదటి అరగంటా వేరే ఊరు, వేరే ఏజెంటు, మర్యాద తెలియని పోలీసులు. "ఊరు చూపిస్తానని పిలిచి పొలిమేరలోనే నిలబెట్టాడు" అన్న నీ మాటకు నేను ఎంత నవ్వానో! కూపర్ ఉన్నది కాసేపే, ధారావాహికలో మనకు నచ్చిన ఆడ్రీ అసలే లేదు, లారా స్నేహితురాలు డోనా పాత్రలో కొత్త నటి అని కూడా విన్నాము. కాన్ చలనచిత్రోత్సవంలో విమర్శకులు కూడా మండిపడ్డారని తెలిసి, మనమూ వారంతటి వాళ్లమేనని పొంగిపోయాము.

కానీ సినిమా మొదట్లోనే నీలి నురగతో వెలుగుతున్న ఒక టీవీని ఎవరో పగలగొడతారు, వెంటనే ఒక స్త్రీ కేక వినిపిస్తుంది. అప్పుడు అది నాకు గొప్ప కోసం చేసిన పనిలా తోచింది. ఇప్పుడైతే, మనం హాయిగా చూసిన ధారావాహికనే లించ్ మన కళ్లముందు బద్దలు కొట్టాడని అనిపిస్తోంది. అందులో లారా అంటే ప్లాస్టిక్‌లో చుట్టిన శవం, ఫ్రేములో నవ్వుతున్న ఫొటో. లారాగా నటించిన షెరిల్ లీని మొదట తీసుకున్నది కూడా శవంగా పడుకోవడానికే. ఊరంతా ఆమె గురించి మాట్లాడింది, మనమూ మాట్లాడాము. ఆమెను మాత్రం ఎవరమూ ఏమీ అడగలేదు.

భోజనాల బల్ల దగ్గరి దృశ్యం చెప్పాలి. లారా తండ్రి లీలండ్ కూతుర్ని చేతులు కడుక్కున్నావా అని అడుగుతాడు, ఆమె వేలు పట్టుకుని గోటి కింద మట్టిని పరీక్షిస్తాడు, తల్లి ఆపమంటే వినడు. రక్తం లేదు, దెయ్యం లేదు. మరికొంతసేపటికి అదే మనిషి ఏడుస్తూ ఆమె గదికి వచ్చి, ప్రేమిస్తున్నానని చెబుతాడు. ధారావాహికలో నేరమంతా బాబ్ అనే దుష్టాత్మ మీదికి నెట్టేసి మనం ఊపిరి పీల్చుకోగలిగాము. ఇక్కడ లీలండ్‌గా నటించిన రే వైజ్ ముఖంలో తండ్రి ఎక్కడ ముగిసి ఆ రెండోవాడు ఎక్కడ మొదలవుతాడో నేను పట్టుకోలేకపోయాను, పట్టుకోలేకపోవడమే... సరే, ఈ వాక్యం నాతో కావడం లేదు.

ఆ దృశ్యం చూస్తుండగానే మన పందెం గుర్తుకు వచ్చింది. హంతకుడెవరో ముందుగా చెప్పినవాడికి రెండోవాడి గడియారం! నువ్వు ఎప్పుడూ చేతిలో చెట్టుదుంగతో తిరిగే ఆ దుంగావిడే హంతకురాలని లిఖితపూర్వక వాంగ్మూలం ఇచ్చావు, నేను తండ్రి అని చెప్పి గెలిచాను, వారం రోజులు కాలరెగరేసుకు తిరిగాను. ఒక ఆడపిల్ల ఇంట్లో నిద్రపోవడానికి భయపడుతుంటే, మనకు అది పొడుపుకథ అయింది. నీ గడియారం ఎప్పుడో ఆగిపోయింది, అయినా విడిగా పార్సిల్ చేస్తున్నాను.

సినిమా అంతా మెచ్చుకుంటున్నానని అనుకోవద్దు. గాయకుడు డేవిడ్ బౌవీ వచ్చి మాయమయ్యే ఘట్టం నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు. లారా ఏడుస్తూ నవ్వే ఆ ముగింపు ఊరటో, ఊరట పేరుతో మరో క్రూరత్వమో తేల్చుకోలేకపోతున్నాను. 2014లో విడుదలైన తొలగించిన దృశ్యాలు దాదాపు గంటన్నర ఉన్నాయి, ఊరి షెరీఫ్ ట్రూమన్ వాటిలోనే ఉన్నాడు. అవి కూడా చూశాక మళ్లీ పోట్లాడదాము.

కింద ఆఫీసు బండి హారన్ కొడుతోంది. ఒక్క మాట చెప్పి ఆపుతాను: రోడ్‌హౌస్ అనే ఆ బారు గుమ్మం దగ్గర లారాను ఆపి, ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, నిప్పు గురించి హెచ్చరించేది ఎవరో తెలుసా? నువ్వు అనుమానించిన ఆ దుంగావిడే. నీ వాంగ్మూలాన్ని వెంటనే

(డ్రైవర్ పైకే వచ్చేశాడు. మిగతాది తర్వాత.)

నీ
గెలవని పందెగాడు