జీఐ గుర్తింపు మాకు, గిరాకీ స్క్రీన్ ప్రింట్‌కు: చేనేత మంత్రి గారికి పెడన నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి,

పెడన నుంచి ఒక అద్దకం కార్మికుడు నమస్కరించి రాసుకుంటున్న లేఖ. అర్జీలు కింది నుంచి పై దాకా ఇచ్చాం. అన్నింటికీ ఒకటే జవాబు, 'పరిశీలనలో ఉంది' అని. అందుకే ఇక నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి.

మచిలీపట్నం కలంకారీకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అన్న భౌగోళిక గుర్తింపు, ఉందన్న సంగతి మీకు కొత్తగా చెప్పేది కాదు. ప్రతి చేనేత దినోత్సవానికీ వేదిక మీద పెద్దలు ఆ మాటే చెబుతారు, మేం చప్పట్లు కొడతాం. కిందికి దిగి స్టాళ్ళు చూస్తే, కలంకారీ అని బోర్డు పెట్టి అమ్మేది తెర మీంచి రంగు తోసి వేసే స్క్రీన్ ప్రింట్. మా గుడ్డ గంజి పోయేలా ఉతకాలి, కరక్కాయ, గేదెపాలు పట్టించాలి, ఎండబెట్టాలి, కసింతో, అంటే ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో, నలుపు అద్దాలి, పటికతో ఎరుపుకు అద్దాలి, పారే నీళ్ళలో జాడించాలి, రాగి కాగులో జాజి ఆకు వేసి ఉడకబెట్టాలి. ఇదంతా అయ్యేలోపు స్క్రీన్ వాడు లారీ నింపి పంపేస్తాడు. రేటు మా దాంట్లో సగం కూడా ఉండదు. కొనేవాళ్ళని నేను తప్పు పట్టను. రెండింటి మీదా ఒకే పేరు ఉంటే ఎవరైనా చవకదే కొంటారు.

చట్టం లేదా అంటే ఉంది. 1999 నాటి జీఐ చట్టం ప్రకారం దొంగ పేరుతో సరుకు అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. మా పేరు పెట్టి నకిలీ అమ్మినందుకు జైలుకెళ్ళిన మనిషిని నేనైతే చూడలేదు. సోదా చేయాలంటే డీఎస్పీకి తగ్గని అధికారి రావాలట, దానికి ముందు జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలట. ఆ రిజిస్ట్రీ ఉన్నది చెన్నైలో. అక్కణ్ణుంచి కాగితం వచ్చేదాకా నకిలీ సరుకు షాపులో మన కోసం కూర్చుని ఉంటుందా?

సొంత సరుకును చట్టంతో ఎలా కాపాడుకోవాలో తెలియక కాదు కదా! మన గుడ్డ మీదే చేసి చూపించినవాళ్ళున్నారు. ఓపిక చేసుకుని కాస్త పాత సంగతి వినండి.

డచ్చివాళ్ళు 1605లో బందరు, అదే మచిలీపట్నం, వచ్చారు. వాళ్ళకు కావలసింది గుడ్డ కాదు, లవంగాలు, జాజికాయ. అవి పండే మొలుక్కా దీవుల వాళ్ళేమో తమ సరుకుకు బదులు ఈ తీరం బట్టలు అడిగారు. బట్ట ఉంటేనే మసాలా. కోరమాండల్, అంటే మన ఈ తూర్పు తీరం, మొలుక్కాలకు ఎడమ చెయ్యి లాంటిదని 1612లోనే హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి అన్నాడు. అంతకు ఏడాది ముందు ఇంగ్లీషు వాళ్ళ 'గ్లోబ్' ఓడ బందరులో లంగరేసింది. 1669కి ఫ్రెంచివాళ్ళూ కొట్టు తెరిచారు. వాస్కో డ గామా కాలికట్ రావడం మన పిల్లల పుస్తకంలో పేజీలకు పేజీలు ఉంటుంది. ఆ ఓడల వ్యాపారం ఎవరి చేతి పని మీద నడిచిందో మాత్రం ఒక లైనులో తేల్చేస్తారు. సరే, అది వేరే మంత్రి గారి శాఖ.

మన చీటిగుడ్డలు, అంటే అద్దకపు నూలు బట్టలు, ఐరోపా చేరాక అక్కడి నేతగాళ్ళ కడుపు మండింది. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించింది. లండన్‌లో 1719లో పట్టు నేతగాళ్ళు చీటిగుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ మీద వీధుల్లోనే పడి బట్టలు చింపారు. ఆ దౌర్జన్యాన్ని నేను సమర్థించను. వాళ్ళ ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. 1721లో చట్టం తెచ్చింది. కట్టుకున్నవాళ్ళకు 5 పౌండ్ల జరిమానా, అమ్మినవాళ్ళకు 20 పౌండ్లు. ఎవరి అభిప్రాయం కోసమూ చెన్నై వైపు చూడలేదు.

నిషేధం ఒక పక్కన నడుస్తుండగానే పని నేర్చుకోవడం ఇంకో పక్కన సాగింది. కేర్దూ అని ఒక ఫ్రెంచి పాదిరి, తెలుగు కూడా నేర్చినవాడు, 1742లో మన తీరం అద్దకం ఎలా చేస్తారో మొదటి నుంచి చివరి దాకా ఉత్తరంలో రాసి పంపాడు. పుణ్యాత్ముడు, ఒక్క మెట్టూ వదల్లేదు. 1759లో ఇంగ్లీషు కంపెనీ కల్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ళ నుంచి పట్టుకున్నాడు. అదే ఏడు ఫ్రాన్సు నిషేధం ఎత్తేసింది, అప్పటికి వాళ్ళకు పని వచ్చేసింది. ఇక్కడ కొనేవాడే ఏలేవాడయ్యాక, రేటు చెప్పే హక్కు నేతగాడికి ఎక్కడ మిగులుతుంది? తర్వాత మిల్లు గుడ్డ వచ్చింది. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు.

వాళ్ళు తమ నేతగాళ్ళను బతికించుకోవడానికి మన గుడ్డను నిషేధించారు. మేం అంత అడగడం లేదు. స్క్రీన్ ప్రింట్ వాళ్ళూ కూలి చేసుకునేవాళ్ళే, అమ్ముకోనివ్వండి. దాని మీద 'స్క్రీన్ ప్రింట్' అని రాయించండి చాలు. ఇంత చిన్న కోరికకు ఇన్ని అర్జీలా?

ముందుగా సర్కారు వారి ఎగ్జిబిషన్లలో, కొనుగోళ్ళలో తనిఖీ పెట్టండి. మీ గుమ్మంలోనే నకిలీ అమ్ముతుంటే బజారు షాపు వాణ్ణి ఏమనగలం? సోదాలకు జిల్లాకు ఒక అధికారిని పెట్టండి. రిజిస్ట్రార్ అభిప్రాయం రోజుల్లో తెప్పించే ఏర్పాటు మీ స్థాయిలోనే జరగాలి, మా వల్ల అయ్యే పని కాదు. ఎండాకాలం కాల్వ కట్టేస్తే గుడ్డ జాడించడానికి నీళ్ళు ఉండవు, దానికీ ఒక దారి చూడండి. ఎరుపుకు ఒకప్పుడు ఈ ఇసుక నేలల్లో చిరువేరు తవ్వేవాళ్ళు, ఇప్పుడు మాకు డబ్బాలో వచ్చే అలిజరిన్ అనే రసాయన రంగే దిక్కు. చిరువేరు సాగు మీద మీ పక్క శాఖతో ఒక్క మాట మాట్లాడండి. ఇంకో శిక్షణ శిబిరం మాత్రం పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను. మాకు పని వచ్చు. అమ్ముకునే చోటే లేదు. మళ్ళీ చెబుతున్నాను, ముందు ఆ లేబుల్ సంగతి చూడండి.

బందరు పోర్టుకు 2008లో ఒక శంకుస్థాపన, 2019లో ఒకటి, 2023లో ఒకటి చూశాం. పనులు జరుగుతున్నాయి, సంతోషం. ఓడలు వచ్చే నాటికి ఎక్కించడానికి అసలు కలంకారీ మిగలాలంటే ఈ ఏడాదే ఏదో ఒకటి చేయాలి. అద్దకం బల్లల దగ్గర కుర్రాళ్ళు కనపడటం లేదు.

ఒకసారి పెడన రండి. సభ వద్దు, మైకు వద్దు. మీకు కలంకారీ శాలువా కప్పడానికి ఎవరో ఒకరు ఎలాగూ తయారుగా ఉంటారు. కప్పించుకునే ముందు దాన్ని తిప్పి వెనక వైపు చూడండి. రంగు అవతలికి దిగకపోతే, తెచ్చినవాళ్ళను ఎక్కడ కొన్నారో అందరి ముందూ అడగండి.

ఇట్లు,
పెడన అద్దకం కార్మికుడు