ఖోడద్ నుంచి ఒక ఉత్తరం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. పుణె దగ్గరి ఈ రేడియో టెలిస్కోప్‌లో సాయంత్రం మొదలైన అబ్జర్వేషన్ అర్ధరాత్రి దాకా సాగుతోంది, పగలంతా డేటా శుభ్రం చేసుకోవడానికే సరిపోతోంది.

"అసలు నువ్వు చూసేదేంట్రా" అని అడిగావు కదా. మీ మేడ మీద పడుకుని శ్రవణ నక్షత్రాన్ని వెతికేవాళ్ళం, గుర్తుందా? ఆ గరుడ మండలంలోనే, కంటికి ఆనకుండా, ఎస్ఎస్ 433 అనే జంట ఉంది. ఒకటి పెద్ద నక్షత్రం. రెండోది దాని ఒంట్లోని వాయువుని లాక్కునే తోడు, బహుశా బ్లాక్ హోల్. 13 రోజులకో చుట్టు తిరుగుతాయి. మింగలేనిదాన్ని ఆ తోడు రెండు వైపులా సెకనుకి దాదాపు 78 వేల కిలోమీటర్ల వేగంతో చిమ్మేస్తుంది. ఆ ధారలు కూడా ఒక దిక్కున నిలవవు, ఒరిగిన బొంగరంలా 162 రోజులకోసారి చుట్టి వస్తాయి.

ఆ జంట చుట్టూ డబ్ల్యూ50 ఉంది. పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన గుల్ల అని ఎక్కువమంది అంటారు. నాలుగు పూర్ణచంద్రుళ్ళని వరసగా పేర్చినంత పొడవు! గుండ్రంగా ఉండాల్సిన గుల్లకి రెండు పక్కలా చెవులు మొలిచాయి. లోపల్నుంచి ఆ ధారలే పొడిచాయి. పడమటి చెవి పొట్టి, అటువైపు వాయువు చిక్కగా అడ్డుపడింది.

నన్ను పట్టేసిన సంగతి ఇదీ. శక్తి ఎక్కువున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరిగి తొందరగా నీరసించిపోతాయి. తక్కువ శక్తివి వేల ఏళ్ళైనా ఆరిపోవు, వాటి వెలుగు తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే వస్తుంది. ఆ జంట దగ్గర్నుంచి వచ్చే ఎక్స్-రేలు ఇప్పటి సంగతి చెబుతాయి (వెలుగు మన దాకా రావడానికి పట్టిన సుమారు 18 వేల ఏళ్ళని పక్కన పెట్టు). 150 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాల్లో చూస్తే, అది ఎంతకాలంగా చిమ్ముతూ వచ్చిందో ఆ ఆనవాళ్ళన్నీ కనిపిస్తాయి. లోఫార్ అనే యూరప్ రేడియో టెలిస్కోప్‌తో తీసిన దీని చిత్రం 2018లో వచ్చింది, అదే నా బల్ల ముందు అంటించుకున్నాను.

పని మాత్రం తేలిక కాదు. ఇక్కడ 30 డిష్‌లు, ఒక్కోటి 45 మీటర్ల వెడల్పు. రేకు కాదు, సన్నటి తీగల వల. కింద నిలబడి తల ఎత్తితే వల కళ్ళలోంచి ఆకాశం కనబడుతుంది. ఇంత పరుచుకున్న గుల్లని పట్టాలంటే డిష్‌లు బాగా దగ్గరదగ్గరగా ఉండాలి, ఇంత పెద్దవాటిని ఎంతని దగ్గరికి జరుపుతారు? పైగా అయనోస్ఫియర్, అంటే పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర. ఎండలో తారు రోడ్డు మీద గాలి అల్లాడినట్టు, దానివల్ల సిగ్నల్ అంతా కదిలిపోతుంది, అందులోనూ పొద్దుగూకే వేళ మరీ ఎక్కువ.

మొన్న రాత్రి దగ్గర్లో ఎక్కడో కరెంటు తీగ నిప్పులు రాల్చినట్టుంది. తెర మీద అన్ని ఫ్రీక్వెన్సీలనీ కోస్తూ గీతలే గీతలు! దాదాపు సగం డేటా ఫ్లాగ్ చేసి, అంటే పాడైందని గుర్తు పెట్టి, పారేశాను. నిజంగా ఏడుపొచ్చింది.

అయినా మిగిలిన సగంతోనే నిన్న తెల్లవారుజామున చిత్రం చేశాను. తూర్పు చెవి అంచు పల్చగా, కానీ స్పష్టంగా వచ్చింది బావా. పక్కనెవరూ లేరు, నీకే చెప్పాలనిపించింది.

వచ్చే నెల సెలవు దొరికితే రా. ఫోన్ సిగ్నల్ మా డేటాని పాడుచేస్తుంది, అందుకే గేటు దగ్గరే ఫోన్ ఆపేయాలి, ముందే చెబుతున్నా. అత్తయ్యకి నమస్కారాలు చెప్పు.

నీ బావ